పవర్‌లో భిన్నం ఉంటే సింప్లిఫై ఎట్ల చేయాలె? ఆన్సర్ కరెక్టే అంటున్నరు కానీ బుక్‌ల ఉన్నట్టు వస్తలేదు

ఎంపీసీ_అమ్మాయి

అన్నలు, అక్కలు, సార్లు అందరికి నమస్తే. నేను ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. డెరివేటివ్స్ నాకు మంచిగనే వస్తయి, ప్రొడక్ట్ రూల్, చైన్ రూల్ అన్నీ కరెక్టుగనే పెడ్త, ఆ పెట్టినంక కింద సింప్లిఫై చేసే రెండు మూడు లైన్లు ఉంటయి చూడండి, అక్కడ పోయి ఇరుక్కుంటున్న. 1/2 పవర్, −1/2 పవర్ రెండూ ఒకే లైన్‌ల కనిపిస్తే చాలు చెయ్యి ఆగిపోతది. ఫోన్‌ల తెలుగు కీబోర్డే ఉంది కాబట్టి ఎక్స్ అనే టైప్ చేస్తున్న, ^ అంటే పవర్ అనుకోండి.

లెక్క ఇది:
వై = ఎక్స్^2 · (ఎక్స్+3)^(1/2)

నేను చేసింది:
వై′ = 2ఎక్స్·(ఎక్స్+3)^(1/2) + (1/2)·ఎక్స్^2·(ఎక్స్+3)^(−1/2)

బుక్ వెనకాల ఉన్నది:
ఎక్స్(5ఎక్స్+12) / [2√(ఎక్స్+3)]

ఆ 5 ఎక్కడికెళ్లి వచ్చింది, 12 ఎక్కడికెళ్లి వచ్చింది? కాలేజీల అడిగితే "అది ఉత్త సింప్లిఫికేషనే, ఇంటికి పోయి చూస్కో" అన్నరు. ఇంటికొచ్చి చూస్తే ఏం సమజైతలేదు.

ఇంకొకటి కూడ చెప్పండి. (9·ఎక్స్^2)^(1/2) అంటే 3ఎక్స్ అని చెప్పిన్రు కదా, మరి (ఎక్స్^2+9)^(1/2) అంటే ఎక్స్+3 ఎందుకు కాదు? కాదు అని అందరూ అంటరు, ఎందుకో ఎవ్వరూ చెప్పరు.

గోదారి_గట్టు

చెల్లాయ్, నీ డెరివేటివ్ నూటికి నూరుపాళ్లు కరెక్టు. బుక్కులో ఉన్నదీ నువ్వు రాసిందీ రెండూ ఒకటే. నమ్మకం కుదరకపోతే ఎక్స్ దగ్గర 1 పెట్టి చూడు, 1 ఎందుకంటే 1+3 అంటే 4, దాని రూటు 2, పీడా పోద్ది. నీది: 2·1·2 + (1/2)·1·(1/2) = 4 + 1/4 = 4.25. బుక్కుది: 1·(5+12)/(2·2) = 17/4, అదీ 4.25. ఈ చెకింగు పరీక్ష హాల్లో కూడా అర నిమిషంలో అయిపోద్ది. ఒక్క విలువకి సరిపోతే రెండూ ఒకటేనని గ్యారంటీ ఏం లేదుగానీ, సరిపోకపోతే మాత్రం ఎక్కడో తప్పు జరిగినట్టే, డౌటు లేదు.

ఇక సింప్లిఫై చెయ్యడం. నీకు ఎక్స్^5 + ఎక్స్^2 ఇస్తే ఏం చేస్తావ్? ఎక్స్^2 కామన్ తీస్తావ్, లోపల ఎక్స్^3 + 1 మిగుల్తుంది. ఎందుకు ఎక్స్^2 తీశావ్? రెండిట్లో చిన్న పవర్ అదే కాబట్టి. ఇక్కడా అంతే, అదే పని, కాకపోతే చిన్న పవర్ ఏది అన్న దగ్గర అందరూ తడబడతారు. 1/2, −1/2 లలో చిన్నది −1/2. మైనస్ కదా, అదే చిన్నది. కాబట్టి (ఎక్స్+3)^(−1/2) బయటికి లాగాలి. దాంతోపాటు రెండు టర్ముల్లోనూ ఎక్స్ ఉంది, దాన్నీ లాగెయ్. 1/2 కూడా లాగేస్తే లోపల భిన్నాలే ఉండవు.

(1/2)·ఎక్స్·(ఎక్స్+3)^(−1/2) · [ ? + ? ]

లోపల ఏం మిగుల్తుందో చూడాలంటే, ఉన్న పవర్లోంచి బయటికి లాగిన పవర్ తీసెయ్యాలి. మొదటి టర్ములో (ఎక్స్+3) పవర్ 1/2 ఉంది, బయటికి −1/2 పోయింది, 1/2 − (−1/2) = 1/2 + 1/2 = 1. అంటే లోపల (ఎక్స్+3) మామూలుగా, రూటూ గీటూ లేకుండా మిగుల్తుంది. ఇదిగో ఈ ఒక్క అడుగులోనే చాలామంది 1/2 − 1/2 = 0 అనేసి అక్కడ 1 రాసేస్తారు, లెక్కంతా కొట్టుకుపోద్ది. 2ఎక్స్ లోంచి (1/2)ఎక్స్ తీస్తే 4 మిగుల్తుంది. రెండో టర్ములో ఎక్స్^2 లోంచి ఎక్స్ పోతే ఎక్స్.

(1/2)·ఎక్స్·(ఎక్స్+3)^(−1/2) · [4(ఎక్స్+3) + ఎక్స్]
లోపల: 4ఎక్స్ + 12 + ఎక్స్ = 5ఎక్స్ + 12

వచ్చేసాయ్ నీ 5, నీ 12. ఇక మైనస్ పవర్‌ని హారంలోకి దింపితే బుక్కు ఆన్సరు.

ప్లస్ సంగతి. (ఎక్స్+3) ని స్క్వేర్ చేసి చూడు, ఎక్స్^2 + 6ఎక్స్ + 9 వస్తుంది, మధ్యలో 6ఎక్స్ ఒకటి వచ్చి కూర్చుంటుంది. నీ ఎక్స్^2 + 9 లో ఆ 6ఎక్స్ లేదుగా, మరి దాని రూటు ఎక్స్+3 ఎలా అవుద్ది? గుణకారంలో అయితే ఇలా మధ్యలో వచ్చేది ఏమీ ఉండదు, 3ఎక్స్ ని 3ఎక్స్ తో గుణిస్తే 9ఎక్స్^2, అంతే. నంబర్లతో కావాలంటే ఎక్స్ = 4 పెట్టు, 16+9 = 25, రూటు 5. నీ లెక్కన అయితే 4+3 = 7 రావాలి.

బ్యాంక్_కోచింగ్_బ్యాచ్

పైన అన్న మొత్తం చెప్పేశారు, నేను కాంపిటీటివ్ సైడ్ నుంచి కొంచెం యాడ్ చేస్తా, ఎందుకంటే ఇదే టాపిక్ అక్కడ నంబర్లతో వస్తుంది, నంబర్లతో చెయ్యి తిరిగితే ఎక్స్ తో కూడా భయం పోతుంది.

ఫస్ట్ థింగ్, 32^(3/5) లాంటివి వస్తే ముందు రూట్ తర్వాత పవర్, ఎప్పుడూ ఇదే ఆర్డర్. 32 కి ఐదో రూట్ 2, దాని క్యూబ్ 8, అయిపోయింది. రివర్స్ లో వెళ్తే 32 క్యూబ్ 32768, ఇప్పుడు దానికి ఐదో రూట్ కనుక్కో, నీ టైమ్ మొత్తం అక్కడే పోతుంది. ఆన్సర్ ఎలా చేసినా అదే గానీ రూట్ ముందు తీస్తే నంబర్ చిన్నదైపోతుంది.

డెసిమల్ ఇచ్చి భయపెడతారు, (0.00032)^(−2/5) లాగా. 0.00032 అంటే 0.2 పవర్ 5. సో ఐదో రూట్ 0.2, అంటే 1/5. మైనస్ 2 పవర్ అంటే తిరగేసి స్క్వేర్, 25. ఇంకో టైప్ 243^0.13 × 243^0.07, ఇక్కడ 0.13 పవర్ కనుక్కోవాలని కూర్చోకూడదు, బేస్ సేమ్ కాబట్టి పవర్స్ కలుపు, 0.20, అంటే 1/5, 243 అంటే 3 పవర్ 5, ఆన్సర్ 3.

అండ్ ఫోన్ క్యాలిక్యులేటర్ తో చెక్ చేసేవాళ్లు బ్రాకెట్ మర్చిపోకండి ప్లీజ్. 8^1/3 అని కొడితే అది 8 పవర్ 1 చేసి 3 తో భాగించి 2.666 అని చూపిస్తుంది, మీరేమో లెక్క తప్పేమో అని పేపర్ మొత్తం కొట్టేస్తారు. 8^(1/3) అని కొట్టాలి.

ఎంపీసీ_అమ్మాయి

గోదారి అన్నా సూపర్, ఆ 1/2 − (−1/2) దగ్గరనే మొత్తం ఉంది అని ఇప్పుడు తెలిసింది. ఇంకొకటి చేసిన, చూడండి.

వై = ఎక్స్^(2/3)·(5−ఎక్స్)
వై′ = (2/3)·ఎక్స్^(−1/3)·(5−ఎక్స్) − ఎక్స్^(2/3)

చిన్న పవర్ −1/3. అది, 1/3 బయటికి తీస్తే లోపల 2(5−ఎక్స్) − 3ఎక్స్ వచ్చింది, ఎందుకంటే 2/3 − (−1/3) = 1. అంటే 10 − 5ఎక్స్. మొత్తం 5(2−ఎక్స్) / [3·ఎక్స్^(1/3)]. ఎక్స్ = 8 పెట్టి చూసిన, రెండు దిక్కుల −5 వచ్చింది.

కానీ ఇంక రెండు డౌట్లు ఉన్నయి. (ఎక్స్−1)/(ఎక్స్^(1/3)−1) ఇచ్చిన్రు, ఇండ్ల కామన్ తీసేదే లేదు కదా, ఏం చేయాలె? ఇంక ఎక్స్^(2/3) = 4 అయితే ఎక్స్ ఎంత అంటే నేను 8 అన్న, ఆన్సర్ల 8, −8 అని రెండు ఉన్నయి.

రాత్రి_షిఫ్ట్

ఇవన్నీ బుర్ర బద్దలు కొట్టుకుని నేర్చుకున్నాం మేమూ, లైఫ్‌లో ఒక్కసారి కూడా 2/3 పవర్ వాడింది లేదు. చెప్పండి ఎవరైనా, ఎక్కడ వాడతారు ఇది?

బ్యాంక్_కోచింగ్_బ్యాచ్

చెల్లీ, అలాంటివి వస్తే పేరు మార్చెయ్. ఎక్స్^(1/3) ని టి అనుకో. అప్పుడు ఎక్స్ అంటే టి^3. పైన టి^3 − 1, కింద టి − 1. ఇప్పుడు గుర్తుపట్టావా? టెన్త్ లోపే వచ్చిన ఫార్ములా, టి^3 − 1 = (టి−1)(టి^2+టి+1). కింద టి−1 తో కొట్టేస్తే టి^2 + టి + 1 మిగుల్తుంది, మళ్లీ వెనక్కి పెడితే ఎక్స్^(2/3) + ఎక్స్^(1/3) + 1. ఎక్స్ 1 కాకూడదు అని పక్కన రాయి.

ఒకే ఎక్స్‌ప్రెషన్లో 1/2 పవరూ 1/3 పవరూ రెండూ ఉంటే హారాల క.సా.గు. చూడు, 6 కదా, కాబట్టి ఎక్స్^(1/6) ని టి అనుకో. ఎక్స్^(1/2) టి^3 అవుతుంది, ఎక్స్^(1/3) టి^2 అవుతుంది, భిన్నాలన్నీ మాయం. తర్వాత ఇంటిగ్రేషన్ వచ్చినప్పుడు కూడా ఇదే ట్రిక్ అక్షరం మారకుండా పని చేస్తుంది.

ఎక్స్^(2/3) = 4 కూడా ఇంతే. టి^2 = 4, టి = 2 లేదా −2. క్యూబ్ చేస్తే 8 లేదా −8. నువ్వు డైరెక్ట్ గా రెండు వైపులా 3/2 పవర్ వేసి ఉంటావు, అక్కడ −8 జారిపోయింది. పవర్ పైన లవంలో సరిసంఖ్య ఉంటే రెండో ఆన్సర్ ఉందేమో చూడు. అదే ఎక్స్^(3/2) = 8 అయితే ఒక్కటే, 4.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు

అమ్మా, పిల్లలందరూ బాగా చెప్పారు, ఒకచోట మాత్రం నేను కలగజేసుకోవాలి. (9·ఎక్స్^2)^(1/2) అంటే 3ఎక్స్ అని నీకు చెప్పారన్నావు. ఎక్స్ ధనాత్మకం అయితేనే అది నిజం. ఎక్స్ దగ్గర −2 పెట్టి చూడు, 9 × 4 = 36, వర్గమూలం 6. 3ఎక్స్ ఏమో −6. వర్గమూలం గుర్తు పెడితే వచ్చేది ఎప్పుడూ రుణాత్మకం కాదు, కాబట్టి సరైన జవాబు 3|ఎక్స్|, ఆ నిలువు గీతలు ఉండాలి. చాలా పుస్తకాలు మొదట్లోనే "ఎక్స్ > 0 అనుకుందాం" అని ఒక ముక్క రాసి ఈ గొడవ తప్పించుకుంటాయి, ఆ ముక్క ఎవరూ చదవరు.

అసలు 1/2 ఘాతాంకం (పవర్) అంటే వర్గమూలం అని ఎవరు నిర్ణయించారు అని కూడా నా దగ్గర పిల్లలు అడిగేవాళ్లు, మంచి ప్రశ్న అది. ఎ^3 అంటే ఎ ని మూడుసార్లు గుణించడం, బాగానే ఉంది, మరి అరసారి గుణించడం అంటే ఏంటి? అలా ఆలోచిస్తే దారి దొరకదు. భూములు (బేస్‌లు) ఒకటైతే ఘాతాంకాలు కూడాలి అన్న న్యాయాన్ని వదలకూడదు అనుకుందాం. అప్పుడు ఎ^(1/2) × ఎ^(1/2) = ఎ^1 = ఎ. దేన్ని దానితోనే గుణిస్తే ఎ వస్తుంది? వర్గమూలం. ఇక వేరే అర్థం ఇవ్వడానికి చోటే లేదు. ఎ^(1/3) కూడా ఇలాగే, ఎ^0 = 1 కూడా ఇలాగే.

ఇది ఒక్క రోజులో కుదిరిన సంగతి కాదు. 14వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో నికోల్ ఒరెమ్ ఈ ఆలోచన చేశాడు, కానీ ఆయన రాసిన పద్ధతి వేరు. 1637లో డెకార్ట్ తన జ్యామితి గ్రంథంలో ఎక్స్^3 లాంటి రాతని స్థిరపరిచాడు, అప్పటికి పైన పూర్ణ సంఖ్యలే. 1656లో ఇంగ్లండులో జాన్ వాలిస్ భిన్న, రుణ ఘాతాంకాలకి అర్థం చెప్పాడు. 1676లో న్యూటన్ లైబ్నిజ్‌కి చేరాలని రాసిన ఉత్తరంలో ద్విపద సిద్ధాంతం (బైనామియల్ థీరమ్) చెబుతూ, భిన్నాన్ని మనం ఇప్పుడు రాస్తున్నట్టే పైన పెట్టి రాశాడు. నువ్వు వచ్చే ఏడు ద్విపద సిద్ధాంతంలో భిన్న ఘాతాంకం చదువుతావు, అది ఆ ఉత్తరంలోదే.

ఇక భూమి రుణాత్మకం అయినప్పుడు మాత్రం చెయ్యి నిదానించాలి. ఇది చూడు:

−2 = (−8)^(1/3) = (−8)^(2/6) = [(−8)^2]^(1/6) = 64^(1/6) = 2

−2 కి 2 కి ఏ తేడా లేదని వచ్చింది. 1/3, 2/6 ఒకటే భిన్నం కదా, మరి ఎక్కడ విరిగింది? (ఎ^మ్)^న్ = ఎ^(మ్·న్) అన్న న్యాయం భిన్నాలతో వాడాలంటే భూమి ధనాత్మకం కావాలి, −8 దగ్గర ఆ హక్కు లేదు. మూడో "=" దగ్గర అది తెగింది.

కోడ్_రాసుకునేవాడు

మాస్టారూ, నమస్కారం. మీరు (−8)^(1/3) = −2 తో మొదలుపెట్టారు కదా, మేం కోడ్ రాసే పైథాన్ భాష దానికి కూడా ఒప్పుకోదండీ. అందులో పవర్ గుర్తు **, (−8)**(1/3) అని కొడితే 1 + 1.732 జె అని వస్తుంది, అక్కడ జె అంటే మన ఐ, అంటే √(−1). బ్రాకెట్ తీసేసి −8**(1/3) అంటే మాత్రం −2.0 ఇస్తుంది, ఎందుకంటే అది ముందు 8 కి ఘనమూలం తీసి తర్వాత మైనస్ తగిలిస్తుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకబ్బాయి దీని మీద మధ్యాహ్నం అంతా కొట్టుకున్నాడు, లైబ్రరీలో బగ్ అని టికెట్ రెయిజ్ చేద్దామన్నాడు. అందుకని అడుగుతున్నా, −2 కరెక్టా, ఆ జె ఉన్నది కరెక్టా?

రిటైర్డ్_లెక్కల_మాస్టారు

రెండూ −8 కి ఘనమూలాలే బాబూ. −8 కి మొత్తం మూడు ఘనమూలాలు: −2, 1+√3·ఐ, 1−√3·ఐ. వాస్తవ సంఖ్యల్లో పని చేసేవాడికి కనిపించేది −2 ఒక్కటే కాబట్టి ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో అదే జవాబు. మీ యంత్రం సంకీర్ణ సంఖ్యల్లో ఆలోచించి, −8 కోణాన్ని మూడుతో భాగిస్తే వచ్చే కోణం దగ్గర ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. −8 కోణం 180 డిగ్రీలు, దాన్ని మూడుతో భాగిస్తే 60, అక్కడ పొడవు 2 పెట్టి చూడు, 1+√3·ఐ వస్తుంది. ఈ అమ్మాయి రెండో ఏడు డిమోయర్ సిద్ధాంతం చదివాక మళ్లీ మాట్లాడుకుందాం, ఇప్పుడే చెప్పి గాభరా పెట్టొద్దు.

చుక్కల_పిచ్చి

రాత్రి షిఫ్ట్ గారూ, ఎక్కడ వాడతారు అన్నారు కదా. మన పుష్కరాలు పన్నెండేళ్లకోసారి ఎందుకొస్తాయో 3/2 పవర్ చెబుతుంది, చూడండి.

గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరి పుష్కరాలు, కన్యలోకి వస్తే కృష్ణా పుష్కరాలు, అంటే గురుడు పన్నెండు రాశులూ చుట్టి రావడానికి పట్టే టైమే పుష్కరం. కెప్లర్ 1619లో ప్రచురించిన మూడో నియమం ప్రకారం, సూర్యుడి నుంచి భూమి దూరాన్ని 1 అనుకుంటే, ఒక గ్రహం సూర్యుడి చుట్టూ తిరిగే కాలం ఏళ్లలో = దూరం^(3/2). గురుడి సగటు దూరం 5.2. ఇందాక కోచింగ్ తమ్ముడు చెప్పినట్టు ముందు రూట్, √5.2 అంటే 2.28, 3/2 అంటే ఒకటిన్నర కాబట్టి దాన్ని 5.2 తో గుణిస్తే చాలు, 11.86 ఏళ్లు. పన్నెండుకి కొంచెం తక్కువ. 2003లో గోదావరి పుష్కరాలు, మళ్లీ 2015లో. శనికి దూరం 9.54, చేసి చూడండి, 29.5 ఏళ్లు వస్తుంది, రాశికి రెండున్నరేళ్లు పడుతుంది అంటారే అది ఇక్కడిదే, మూడు రాశులకి ఏడున్నరేళ్లు, ఏలినాటి శని. జాతకం సంగతి నేను చెప్పను, కాలం లెక్క మాత్రం పక్కా.

తిప్పి కూడా వాడొచ్చు. కాలం తెలిస్తే దూరం = కాలం^(2/3). 1986లో వచ్చి వెళ్లిన హేలీ తోకచుక్క సుమారు 76 ఏళ్లకోసారి వస్తుంది, 76 కి ఘనమూలం 4.24 దాకా ఉంటుంది, దాని స్క్వేర్ 18. అంటే సగటున భూమి కంటే దాదాపు 18 రెట్లు దూరంలో తిరుగుతోంది.

రాత్రి_షిఫ్ట్

పుష్కరాలకి రాజమండ్రి వెళ్లి మూడు మునకలు వేసి వచ్చా గానీ ఇది తెలీదు. సరే, ఒప్పుకుంటున్నా. శని లెక్క మాత్రం నాకు చెప్పొద్దు, ఆల్రెడీ నడుస్తోంది.

ఎంపీసీ_అమ్మాయి

లాస్ట్ డౌట్. నా మొదటి ఆన్సర్ల హారంల √(ఎక్స్+3) ఉంది కదా, హారంల రూట్ ఉంచొద్దు, రేషనలైజ్ చేయాలె అని టెన్త్‌ల చెప్పిన్రు. ఇక్కడ కూడ చేయాల్నా?

గోదారి_గట్టు

వద్దమ్మా, అలాగే ఉంచెయ్. రేషనలైజ్ చేస్తే పైకి √(ఎక్స్+3) వస్తుంది, కింద 2(ఎక్స్+3) ఉంటుంది, తప్పేం కాదు గానీ ఒరిగేదీ లేదు. 1/√2 లాంటి వాటికి చేత్తో భాగించుకునే రోజుల్లో అది ఉపయోగం, 1.414 ని 2 తో భాగించడం తేలిక కాబట్టి. ఇక్కడ నువ్వు తర్వాత చేసే పని వేరు, మాగ్జిమా మినిమా వస్తుంది, వై′ ఎక్కడ సున్నా అవుద్దో చూడాలి. ఎక్స్(5ఎక్స్+12) పైన ఉంది కాబట్టి ఎక్స్ = 0, ఎక్స్ = −12/5 అని చూడగానే చెప్పెయ్యొచ్చు. నీ రెండోదాంట్లో కూడా అంతే, 2−ఎక్స్ పైన ఉంది, సున్నా అయ్యేది 2 దగ్గర, కింద ఎక్స్^(1/3) ఉంది కాబట్టి 0 దగ్గర డెరివేటివ్ లేదు. ఆ 0 ని కూడా లిస్టులో రాసుకో, అక్కడ వై లోకల్ మినిమమ్ అవుద్ది, వై′ = 0 ఒక్కటే చూసుకునేవాళ్లు దాన్ని వదిలేస్తారు.